టీవీ పాఠానికి బజారు వంతు

నరసరావుపేట, 1988 అక్టోబరు 9, ఆదివారం.

మొన్న శుక్రవారం గురజాల అవతల ఒక పల్లెకు వెళ్లి వచ్చాను. చూసింది చూసినట్టు గుర్తుండగానే రాయాలని ఇవాళ కూర్చున్నాను. టీవీ ఉన్న బడి చూడడానికి ఆ వైపు వెళ్లాలనుకునే ఉపాధ్యాయులకు ఇది పనికి రావచ్చు. ఊరి పేరు మాత్రం రాయను.

మా మనవరాలు పద్మ ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఏడాదిగా పంతులమ్మ. బడికి ప్రభుత్వం టీవీ ఇచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పొద్దున పిల్లల పాఠాలు వస్తాయి. ఈసారి మండలంలోని బడులన్నిటికీ ఒకే ప్రశ్నపత్రం పెట్టారు. త్రైమాసిక పరీక్షలో పద్మ బడి ఐదో తరగతి అన్నిటికన్నా వెనకబడింది. అర్ధ సంవత్సర పరీక్షలోనూ ఇలాగే ఉంటే టీవీని వేరే ఊరికి ఇచ్చేస్తామని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పి వెళ్లాడట. “పోతే పోనీ అమ్మమ్మా, నల్లబల్ల మీదే చెప్పుకుంటాను” అని పద్మ కబురు చేసింది. చాలాకాలం పాఠాలు చెప్పినదాన్ని. ఒక వస్తువు పనికి రాదనే ముందు దాన్ని ఎలా వాడుతున్నారో చూడాలని నా పట్టుదల.

పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. పిడుగురాళ్ల మీదుగా గురజాలకు ఎనిమిది రూపాయల టిక్కెట్టు. పిడుగురాళ్ల దాటేదాకా కిటికీ తెరవకండి, సున్నపు బట్టీల పొగ కళ్లు మండిస్తుంది. ఎనిమిదిన్నరకు గురజాలలో దిగి, స్టాండు పక్క పూరిపాకలో ఇడ్లీ తిన్నాను. కారప్పొడి తక్కువ వెయ్యమంటే వడ్డించే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “పేట నుంచి వచ్చారా?” అంది. తక్కువ మాత్రం వెయ్యలేదు.

అక్కడి నుంచి పల్లెకు జట్కా, మూడు రూపాయలు. తోలే మస్తాన్‌ది అదే ఊరు. కూతురు నూర్జహాన్ పద్మ దగ్గరే ఐదో తరగతి చదువుతోందని గర్వంగా చెప్పాడు.

“టీవీ చూస్తుందా?”

“ఎందుకు చూడదు మామ్మగారూ. మా బజారుకు గురువారం.”

“మిగతా రోజులు?”

“మిగతా రోజులు మిగతా బజార్లకి. ఎవరి వంతు వాళ్లది. ఏ గొడవా లేదు.”

నాకు అప్పటికి సంగతి పూర్తిగా అర్థం కాలేదు.

బడికి కరెంటు లేదు కాబట్టి టీవీని పంచాయతీ గదిలో పెట్టారు. గది చిన్నది. మొదటి వారం పిల్లలందరూ ఎగబడి తోసుకున్నారట. అప్పుడు పెద్దలు కూర్చుని, సాగర్ కాలవ నీళ్లకు వంతులు వేసుకున్నట్టే దీనికీ వేశారు. బజారంటే ఇక్కడ వీధి. నాలుగు బజార్లు, బజారుకొక రోజు. ఆ బజారు పిల్లలు ఏ తరగతి వాళ్లయినా ఆ రోజు వెళ్లి చూస్తారు. గురువారంతో అన్ని బజార్లూ అయిపోతాయి కాబట్టి శుక్రవారం టీవీకి సెలవు. నేను వెళ్లిన రోజు గదికి తాళం ఉంది.

ఐదో తరగతిలో కూర్చుని మొక్కల పాఠం అడిగాను. ఆకు ఏం పని చేస్తుందని ఒక పిల్లవాణ్ణి లేపితే చేతులు కట్టుకుని, “అది మంగళారం వచ్చిందండీ. తూర్పు బజారోళ్లని అడగండి. మమ్మల్ని వేరు గురించి అడగండి, చెప్తాం” అన్నాడు. తూర్పు బజారు పిల్ల ఆకు గురించి చక్కగా చెప్పింది. వేరు దగ్గర ఆగిపోయింది. నూర్జహాన్‌కు పువ్వు వచ్చు. తరగతి మొత్తం కలిస్తే ఒక మొక్క అవుతుంది. ప్రశ్నపత్రం మాత్రం ఒక్కొక్కరికీ మొత్తం మొక్క ఇచ్చింది.

“ఏమే పద్మా, ఇది నీకు తెలీదా?”

“తెలుసు అమ్మమ్మా. మిగతాది నేను బోర్డు మీద చెబితే, ‘మా వంతు వచ్చినప్పుడు చూస్తాంలే’ అని వినేవాళ్లు కాదు. పెద్దలకి ఎదురు చెప్పడం ఎలాగో తెలియలేదు.”

మధ్యాహ్నం పద్మ ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర తిని, నాలుగింటికి పంచాయతీ గది అరుగు మీద పెద్దలను కలిశాం. వంతులు వేసింది కోటయ్యగారు. కాలవ నీళ్ల తగాదాలు తీర్చేదీ ఆయనే.

“న్యాయంగా పంచాం గదమ్మా. ఏంది తప్పు?” అన్నాడాయన.

“నీళ్లు ఇవాళ పారినా రేపు పారినా నీళ్లే కోటయ్యగారూ. పాఠం అలా కాదు. మంగళవారం పాఠం బుధవారం రాదు. బజారు వంతు తీసి తరగతి వంతు పెట్టండి.”

వెనక నుంచి ఒకాయన, “పేట నుంచి మామ్మొచ్చి మన వంతులు మారుస్తదంట” అన్నాడు. నలుగురు నవ్వారు. అసలు మాట ఆ తర్వాత వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకామె, “అయితే పడమటి బజారు పిల్లలు మా పిల్లల పక్కన కూర్చుంటారా?” అంది.

“బడిలో కూర్చోవడం లేదా?”

“బడిలో పంతులమ్మ కూర్చోబెడతది. ఇది పంచాయతీ గది.”

కోటయ్యగారు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. “టీవీ ఉన్నంతసేపు ఇదీ బడే. అర్ధ సంవత్సరం దాకా చూద్దాం. మార్కులు రాకపోతే నా వంతులు నాకున్నాయి” అన్నాడు. ఆమె ఒప్పుకున్నట్టు లేదు. వెళ్లిపోనూ లేదు.

ఆరింటి బస్సుకు తిరిగొస్తూ ఆలోచించాను. ఒకే ప్రశ్నపత్రం ఊరి పిల్లలందరినీ ఒకే కొలతతో చూస్తుంది. ఆ కొలతకు సరిపడా పాఠం అందరికీ అందిందా అని అది అడగదు. అడగవలసింది మనం. కొత్త వస్తువు ఊళ్లోకి వస్తే, ఊరు తనకు తెలిసిన పాత పద్ధతిలోనే దాన్ని పంచుకుంటుంది. అందులో న్యాయం ఉంది, చాటున వేరే లెక్కలూ ఉంటాయి. వెళ్లేవాళ్లకు ఒక మాట: బడికి ముందుగా కబురు చేసి, టీవీ పాఠం వచ్చే రోజే వెళ్లండి. నాలాగా తాళం చూసి రావద్దు.

ఇక జరగవలసినవి:

1. రేపటి నుంచి ఐదో తరగతి పాఠానికి నాలుగు బజార్ల ఐదో తరగతి పిల్లలందరూ వెళ్లాలి. చిన్న తరగతులు తమ పాఠానికి వెళ్లాలి.
2. టీవీలో వచ్చే పాఠం పుస్తకంలో ఎక్కడుందో పద్మ ముందు రోజే చెప్పాలి. టీవీ కట్టేశాక ప్రశ్నలు అడగాలి. కరెంటు పోతే ఆ పాఠం తనే చెప్పాలి.
3. ఇప్పటిదాకా తప్పిపోయిన పాఠాలు అర్ధ సంవత్సర పరీక్ష లోపల అందరికీ మళ్లీ చెప్పాలి.
4. అర్ధ సంవత్సరం మార్కులు ఎలా వచ్చినా, టీవీ ఉన్నా పోయినా, ఆ గదిలో పిల్లలు తరగతి వరసనే కూర్చోవాలి.