ధాన్యం గోదాములో కుంగిన మూల

ఆమదాలవలసలో మా వంటింటి వెనక గోడా, మా బావమరిది ధాన్యం గోదాము గోడా ఒకటే. పోయిన కోతల తర్వాత ఆ గోడకి అడ్డంగా బీట వచ్చింది. మా ఆవిడ ఒక కన్ను కూర మీదా, ఒక కన్ను గోడ మీదా పెట్టి వంట చెయ్యడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. కోపం రాదూ?

గోదాములోకి వెళ్లి చూశాను. గోడ వారన నేల పళ్లెంలా కుంగింది. ఆ పల్లం కనబడకుండా మావాడు అక్కడే ఇంకో రెండు వరసల బస్తాలు వేయించాడు. పైకి సమంగానే ఉంది. కింద నేల ఇంకాస్త దిగింది. దిగిందని మళ్లీ వేయించాడు.

నేను ఇన్నేళ్లూ చదివింది ఇదే కదా! ఐదో తరగతి దాటనివాణ్ణి. విజయనగరంలో పాత పుస్తకాల దుకాణంలో తూకానికి కొన్న భూగర్భశాస్త్రాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని నమిలి మింగాను. గోదావరి పొడవునా ఒకనాడు నేల సాగింది. రెండు చీలికల మధ్య ముక్క కుంగింది. నదులు ఇసకా బురదా తెచ్చి అందులో పోశాయి. ఆ బరువుకి అది ఇంకా దిగింది. దిగినకొద్దీ నిండింది. ఇలా కోట్ల ఏళ్లు. అడవులు అడుగున పడి బొగ్గయ్యాయి. అప్పట్లో మన తూర్పు కొండలకి అంటార్కిటికా పక్కిల్లు. తర్వాత వేరుపడితే మధ్యలోకి సముద్రం వచ్చింది. ఈ సంగతి డిగ్రీలున్నవాళ్లకి చెబితే, "ఎక్కడ చదివారు?" అంటారు. ఏం చదివారని ఒక్కడూ అడగడు.

ఈ కథంతా బావమరిదికి చెప్పాను.

"ఒరే, బస్తాలు తియ్యరా. ఆ బరువుకే నేల దిగతన్నాది."

"నది ఇసక తెచ్చినాదంటావు. ఇక్కడ నదేది బావా? నేను తెచ్చినాను, లారీలోన."

"నువ్వే ఆ నదివిరా!"

"నదినెవరైనా ఇన్ని తిట్లు తిడతారేటి? రేపు సిమెంటు పోయించేస్తాను. సమానం అయిపోతాది."

"సిమెంటుకి బరువుండదేటి?"

మా ఆవిడ గుమ్మంలోంచి అందుకుంది. "ఏటండీ, ఆ కోట్ల ఏళ్లు అవతల పెట్టండి. ఈ గోడ ఎల్లుండికి ఉంటాదా, ఉండదా? అది సెప్పండి."

పుస్తకం మళ్లీ తీశాను. బరువు పల్లాన్ని లోతు చేస్తుందే గానీ పుట్టించదు. ముందు అడుగున ఏదో జరగాలి. మరి గోదాములో మిగతా నేల అంతే బరువు మోస్తూ రాయిలా ఉందే! ఈ మూల ఒక్కటే ఎందుకు దిగింది?

అప్పుడు గుర్తొచ్చింది. రాకపోతే బాగుండేది. గోదాము కట్టకముందు ఆ మూల ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి ఉండేది. కంకరమట్టితో పూడ్చమన్నారు మామగారు. మట్టి బళ్లు ఎంతకీ రాలేదు. పక్క మిల్లులో ఊక కొండలా పడి ఉంది. గొయ్యి నిండా ఊక పోయించి, పైన జానెడు ఎర్రమట్టి పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించి, మామగారి మెప్పు పొందిన తెలివైన కొత్త అల్లుణ్ణి నేనే.

చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే తెల్లారేసరికి సిమెంటు దిగుతుంది, గోడ వాలుతుంది. ఆ గోడ కిందే రోజూ ఆవిడ నిలబడేది. సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పేశాను.

బావమరిది లేచి నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ నన్ను తిట్టినావు. ఆ గొయ్యి కప్పెట్టినోడివి నువ్వేనా?"

"నేనే."

"ఆరోజు నాన్న నిన్ను మెచ్చుకుని, నన్ను తిట్టినాడు బావా! బావని సూసి నేర్సుకోరా అన్నాడు!"

గోడ సంగతి మరిచిపోయాడు. వాడికి అదొక్కటే బాధ.

మర్నాడు బస్తాలు తీయించి తవ్విస్తే, చేత్తో నలిపితే పొడయ్యేలా కుళ్లి నల్లబడ్డ ఊక బయటపడింది. అంతా ఎత్తించి, కంకరమట్టి పొరపొరగా వేసి కొట్టించారు. దిమ్మిస దగ్గర మా ఆవిడే నిలబడింది. నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

బీట మీద నేనొక కాగితం ముక్క అంటించాను. గోడ కదిలితే అది చిరుగుతుంది. వానాకాలం వెళ్లిపోయినా చిరగలేదు. ఆవిడ మాత్రం పొద్దున్నే దాన్ని వేలితో తడిమి చూస్తుంది.

"ఉందా?" అంటాను.

"ఇవాల్టికి ఉన్నాది" అని, అప్పుడు స్టవ్ వెలిగిస్తుంది.