నాడా అరగలేదు కదా

మా ఇంట్లో గుర్రం ఉందంటే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఫోటో దిగుతామంటారు. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద మా ఇల్లు. ఇంటి పక్కన రేకుల పాక, అందులో తెల్లటి ఆడగుర్రం. ఆదివారాలు, సెలవు రోజులు మా ఆయన దాన్ని బీచ్‌కి తోలుకెళ్ళి పిల్లల్ని ఎక్కించి తిప్పుతారు. ముహూర్తాలున్నప్పుడు తెనాలి, రేపల్లె, పొన్నూరు, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి పెళ్ళికొడుకును మోయడానికి వెళుతుంది. మేము తినే అన్నం దాని కాళ్ళ మీద నడిచి వస్తుంది. ఈ సంగతి మాకు తెలియక కాదు. తెలిసీ ఆ కాళ్ళనే చూడలేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా ఫోటో అడిగితే నాకు మొహం చెల్లదు.

గుర్రానికి పెద్దదిక్కు మా మావయ్యగారు. ఆయనది చెరుకుపల్లి పక్కన పల్లెటూరు. పుట్టింది మొదలు ఎడ్లతోనే గడిచింది. బండలాగుడు పందేలకు గిత్తల్ని తయారుచేసిన మనిషి. ఎద్దు నాలుగడుగులు వేస్తే చాలు, దాని ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పేవారట. పొలం పోయి, ఎడ్లు పోయి, మా దగ్గరికి వచ్చేశాక కూడా అటువైపు రైతులు గిత్తల్ని కొనేముందు ఆయనకు ఫోన్ చేసేవారు. అలాంటి ఆయన పశువు గురించి ఒక మాట అంటే మా ఇంట్లో దానికి ఎదురు లేదు.

నా నోరు చిన్నదేం కాదు. పాలాయన నీళ్ళు కలిపితే వీధిలో నిలబెట్టి కడిగేస్తాను. మా ఆయనకు రోజుకొకసారైనా నా చేత చీవాట్లు పడతాయి. మావయ్యగారి దగ్గర మాత్రం నోరెత్తను. అది గౌరవమని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనిపించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన మాటకు సరేనంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ సుఖం మరిగాను.

గుర్రాన్ని అమ్మినాయన గుంటూరు వైపు నుంచి స్వయంగా తెచ్చి అప్పగించాడు. దాణా ఎంత పెట్టాలో, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో చెప్పి, చివర్లో గిట్టల మాట ఎత్తాడు.

"నెలా నెలన్నరకోసారి గిట్టలు చూపించాలండి. మరీ కుదరకపోతే రెండు నెల్లు. అంతకు మించి ఆగకూడదు. నాడా బానే ఉన్నా సరే, ఊడదీసి, గిట్ట కోయించి, మళ్ళీ కొట్టించాల."

మావయ్యగారు నవ్వారు. "నాడా అరక్కుండా పీకడమేంటయ్యా? ఇనుము ఊరికే వచ్చిందా?"

"అరగడం కాదండి పెద్దాయనా. గిట్టంటే మన గోరు లాంటిది, పెరుగుతానే ఉంటది. కింద నాడా ఉంది గదా, అరిగే దారి లేదు దానికి."

మావయ్యగారు తల ఊపారు. ఆ ఊపు నాకు తెలుసు. చిన్నపిల్లలు కలల సంగతి చెబితే అలాగే ఊపుతారు.

ఆయన లెక్క వేరు. ఎద్దుకు నాడాలు కొట్టించేది తారు రోడ్డు మీద బండి లాగడానికి. రోడ్డు మీద ఇనుము పలచబడి, రేకులా అయి, చివరికి ఊడిపోతుంది. అప్పుడు మారుస్తారు. దమ్ము రోజుల్లో బురదలో తిరిగే ఎద్దుకు నాడాతో పనే లేదు. డెల్టాలో తరతరాలుగా నడిచిన పద్ధతి అది, ఎద్దు విషయంలో తప్పూ కాదు. మా గుర్రం తిరిగేది సముద్రపు ఇసుక మీద. ఇసుకలో నాడా అరగదు, తోమిన గిన్నెలా మెరుస్తుంది. అలా మెరిసే కొద్దీ మావయ్యగారికి ధీమా పెరిగింది.

మా వైపు గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి తెనాలిలో ఒకాయన ఉన్నాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు రైల్లో వచ్చి పని చేసి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసేవాడు, నేను ఎత్తేదాన్ని.

"అమ్మా, మీ గుర్రానికి టైమైంది. రమ్మంటారా అండి?"

నేను ఫోన్ చేత్తో పట్టుకునే పాకలోకి వెళ్ళి అడిగేదాన్ని. మావయ్యగారు వంగి, గుర్రం కాలు ఎత్తి, బొటనవేలితో ఇనుము మీద ఇసుక తుడిచి చూసేవారు.

"నాడా అరగలేదు కదమ్మాయ్. ఎందుకు రావడం?"

"ఇప్పుడే వద్దంటండి," అని నేను ఫోన్ పెట్టేసేదాన్ని. తెనాలి ఆయన ఇంకోసారి చేశాడు, ఆ పైన మరోసారి చేశాడు. చివరికి విసుగొచ్చి, "అవసరమైతే మేమే పిలుస్తాంగా," అన్నాను. ఆ మాట బాగానే గట్టిగా అన్నాను. ఆయన మళ్ళీ చేయలేదు.

ఈలోపు ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. వానలకు బీచ్‌కి జనమూ పలచబడ్డారు. నిలబడి మేసేదానికి నాడాల ఖర్చేంటన్నారు మావయ్యగారు. ఎద్దుకైతే ఆ మాట చెల్లుతుంది. ఆషాఢమని గిట్ట పెరగడం మానేస్తుందా?

రోజూ దానికి నీళ్ళు పోసేది నేనే. గిట్ట ముందుకు సాగడం చూశాను. వెనకటి నాటకాల్లో రాజులు తొడుక్కునే చెప్పుల్లా ముందుభాగం పొడుగవుతోంది. కొన్నాళ్ళకు కుడి ముందరి కాలు కాస్త ముందుకు చాపి, బరువు ఆనించకుండా నిలబడడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నాను.

"మావయ్యగారూ, గిట్ట పొడుగైనట్టు లేదూ?"

"తిని నిలబడితే పెరగదా మరి? నాలుగు రోజులు తిప్పితే అదే సర్దుకుంటుంది."

"అంతేనేమో లెండి," అన్నాను. తెనాలి ఆయన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఆ రోజు నేను చేసిన పనేమిటంటే, శ్రావణంలో వచ్చే పెళ్ళిళ్ళ కోసం గుర్రం కాళ్ళకు ఎర్ర వెల్వెట్ పట్టీలు కుట్టడానికి కూర్చున్నాను. అద్దాలు, పూసలు, అంచున జరీ. గిట్టల మీదికి వేలాడేలా వెడల్పుగా కుట్టాను. కట్టి చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో! గిట్టలు నా కంటికి కూడా కనపడకుండా పోయాయి. అదీ హాయిగానే ఉంది.

శ్రావణంలో మొదటి పెళ్ళి రేపల్లెలో. గుర్రాన్ని మినీ లారీలో ఎక్కించుకుని ముగ్గురం వెళ్ళాం. పట్టీలు కట్టడానికి నేను, లారీ చూసుకోవడానికి మా ఆయన, కళ్ళెం పట్టి నడిపించడానికి మావయ్యగారు. ఆయన తెల్ల పంచె, కండువాతో గుర్రం ముందు నడుస్తుంటే పెళ్ళికొడుకు కంటే ఆయననే చూసేవారు జనం.

పొద్దు వాలుతుండగా ఎదురుసన్నాహం మొదలైంది. విడిది నుంచి కల్యాణమండపం దాకా సిమెంటు రోడ్డు. పెళ్ళికొడుకు ఎక్కాడు, బ్యాండు అందుకుంది. కొంచెం దూరం పోయాక గుర్రం అడుగడుక్కీ తల పైకి ఎగరేసి దించడం మొదలుపెట్టింది. ఎగరేయడం, దించడం.

"రేయ్, గుర్రం డాన్స్ చేస్తందిరా!" అని ఎవరో కేక పెట్టారు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. బ్యాండువాళ్ళు హుషారెక్కి ఇంకా గట్టిగా వాయించారు. కుర్రాళ్ళు ఈలలు వేస్తూ దాని ముందు గెంతుతున్నారు. కుంటే పశువు నొప్పికాలు నేల మీద పెట్టినప్పుడల్లా తల అలాగే ఎగరేస్తుంది. ఎద్దయినా అంతే, గుర్రమైనా అంతే. అది తెలిసిన మనిషి అక్కడ ఒక్కరే ఉన్నారు, కళ్ళెం ఆయన చేతిలోనే ఉంది. మావయ్యగారు తిరిగి నా వైపు చూశారు. పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన కళ్ళల్లో భయం చూడడం అదే మొదలు.

మండపం ఇంకా దూరం ఉండగానే గుర్రం ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు. ఒళ్ళంతా చెమట. ఎవరో వెనక నుంచి చరిచారు, అయినా కదల్లేదు. పెళ్ళికొడుకు మేనమామ, పెద్దమనిషి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ముందు పిల్లాణ్ణి దించండయ్యా," అని, తనే వంగి నేను కుట్టిన పట్టీ పైకెత్తాడు. అద్దాలు గలగలమన్నాయి. బ్యాండు ఆగిపోయింది.

గిట్ట నాడాను దాటి బయటికి పెరిగిపోయింది. ముందుకు సాగిన గిట్టతో పాటు నాడా కూడా జరిగి, దాని వెనక కొనలు అరికాలిలోకి దిగబడ్డాయి. అక్కడ మెత్తగా చీము, వాసన. నాడా మాత్రం కొత్తదానిలా ఉంది.

"ఏంటమ్మా ఇది? చూసుకోరా?" అన్నాడాయన నాతో. తర్వాత తలెత్తి మావయ్యగారిని చూశాడు, గుర్తుపట్టాడు. "మీరు చెరుకుపల్లి వైపు గిత్తల పెద్దాయన కదండీ? మీ చేతి కింద పశువు ఇట్టా..." అని ఆపేశాడు. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

పెళ్ళికొడుకు నడిచి వెళ్ళిపోయాడు. ఆడపెళ్ళివారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పైగా, "భోంచేసి వెళ్ళండి" అని మనిషిని పంపారు. మావయ్యగారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు లారీ ముందు సీట్లో కూర్చోనన్నారు. వెనక గుర్రం పక్కన నిలబడ్డారు. చెరుకుపల్లి సెంటర్ వస్తుంటే ఎప్పుడూ టీకి ఆపమనే మనిషి, ఆ రోజు కండువా తల మీదికి లాక్కుని వెనక్కి తిరిగి నిలబడ్డారు.

పశువుల ఆసుపత్రి డాక్టరు వచ్చి చూసి, చీము ఎముక దాకా పోతే ఇక లేవదన్నారు. పోయిందో లేదో కొన్నాళ్ళు ఆగితే గానీ తెలియదట. తెనాలి ఆయనకు ఫోన్ చేశాను. ఏ మొహం పెట్టుకుని చేశానో నాకే తెలియదు. ఆయన పొద్దున్నే మొదటి రైలుకు వచ్చేశాడు. నాడాలు నాలుగూ ఊడదీశాడు. గిట్ట మాత్రం కొంచెమే కోశాడు.

"అంతా ఒక్కసారే కోస్తే నిలబడలేదండి. పెరిగినట్టే మెల్లగా తగ్గించుకుంటా రావాల." తర్వాత సామాను సర్దుకుంటూ, "అమ్మా, నేను ఫోన్ చేసినప్పుడే..." అని నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆ మాట పూర్తిగా అనేస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ మానుకున్నాం. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళ తొట్టిలో దాని కాలు నానబెట్టి, తుడిచి, మందు పెట్టి కట్టు కట్టాలి. ఆ పని మావయ్యగారు ఎవరినీ చేయనివ్వలేదు. నేల మీద చతికిలబడి దాని కాలు ఒళ్ళో పెట్టుకునేవారు.

పక్కింటావిడ ఒకరోజు అడిగింది. "గుర్రానికి కాలు వాచిందంటగా, ఏం గుచ్చుకుందండి?"

"గాజుపెంకేమోనండి. బీచ్‌లో తాగేసి పగలగొడతారుగా," అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! దానికి తోడు బీచ్‌కి వచ్చేవాళ్ళను రెండు తిట్లు కూడా తిట్టాను. పాకలోంచి మావయ్యగారు బయటికి వచ్చారు.

"ఏం గుచ్చుకోలేదమ్మా. నేను నాడాలు మార్పించలేదు. అందువల్ల పుండు పడింది."

అప్పటి నుంచి అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ అదే చెప్పేవారు. ప్రతిసారీ "నేను" అనే అన్నారు. ఒక్కసారైనా "మేము" అనలేదు. ఆయన అలా అన్నప్పుడల్లా నాకు పాకలోంచి పారిపోవాలనిపించేది. ఉండబట్టలేక ఒకరోజు కట్టు గుడ్డ అందిస్తూ అన్నాను.

"మావయ్యగారూ, నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను."

"నువ్వు చెప్పావుగా అమ్మాయ్. నేనే వినలేదు."

చెప్పానట! కూరలో ఉప్పు తక్కువైతే మా ఆయన మీద అంతకంటే గట్టిగా అరుస్తాను.

చీము ఎముక దాకా పోలేదు. గుర్రం లేచింది, నడుస్తోంది. రోడ్డు మీద పెళ్ళికొడుకును మోయడం ఇక కుదరదన్నారు డాక్టరు. ఇసుక మీద చిన్నపిల్లల్ని కాసేపు తిప్పవచ్చట. ఇసుకకు నాడాలు అక్కర్లేదని అవి లేకుండానే తిప్పుతున్నాం, నెలన్నరకోసారి తెనాలి ఆయన వచ్చి గిట్టలు కోసి వెళుతున్నాడు. ఒకవేళ ఆయన మరిచిపోతే నేనే ఫోన్ చేస్తాను. మావయ్యగారిని అడగను, ఆయనా అడగమనరు.

ఇంకొకటి జరిగింది. నెలల తరబడి కాలు నానబెట్టడం వల్ల గుర్రానికి అలవాటైపోయింది. మావయ్యగారు పాకలో అడుగుపెట్టగానే, పిలవకముందే, ఆ కుడి ముందరి కాలు తనే ఎత్తి ఆయన చేతికి ఇస్తుంది. ఈ మధ్య బీచ్ నుంచి తిరిగి వెళ్ళే కుటుంబం ఒకటి మా ఇంటి ముందు ఆగి అది చూసింది. "ఎంత బాగా నేర్పారండీ తాతగారూ!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు.

వాళ్ళు వెళ్ళాక మావయ్యగారు ఆ కాలు రెండు చేతుల్లో పట్టుకుని, నేను అక్కడ ఉన్నానని మరిచిపోయి, "ఒక్కసారి తన్నవే తల్లీ," అన్నారు.

అది తన్నలేదు. కాలు ఆయన చేతుల్లోనే ఉంచి గడ్డి నములుతూ నిలబడింది.