గడప ముందు నీళ్ళు

దయ్యాల మాట వస్తే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. నేను చదివింది మనస్తత్వ శాస్త్రం. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు పక్కింటావిడకు గాలి సోకిందని తాయెత్తు కట్టించబోతే, ఆమెకు కావలసింది తాయెత్తు కాదు, కంటినిండా నిద్ర అని గొడవ పెట్టుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. కాబట్టి ఇది చదివి "ఈమె కూడా మొదలుపెట్టింది" అనుకునేవాళ్ళ మీద నాకు కోపం లేదు. నేనైనా అలాగే అనుకుందును.

నా ఉద్యోగం వినడం. పోలీసులు, ఫైర్ స్టేషన్ వాళ్ళు, అంబులెన్సుల్లో పనిచేసేవాళ్ళు, తీరం కాపలా కాసేవాళ్ళు మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో ఒక యాప్ ద్వారా మాకు కాల్ చేస్తారు. మేం కొద్దిమందిమి. ఎవరిళ్ళలో వాళ్ళం కూర్చుని పనిచేస్తాం. నేను విడవలూరు దగ్గర మా ఊళ్ళోనే, మూల గదిలో తలుపేసుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటాను. మా పైన విజయగారని సూపర్‌వైజర్, నెల్లూరులో ఉంటారు.

కెమెరా ఉండదు. పేరు అడగం, ఊరు అడగం. వాళ్ళే ఏదో ఒక పేరు పెట్టుకుంటారు. ఆ చాటు లేకపోతే ఒక్కరూ రారు. యూనిఫాం వేసుకున్నవాడు ఏడ్చాడని తెలిస్తే తోటివాళ్ళు బతకనివ్వరు. "మెంటల్" అని ముద్ర పడితే రిటైరయ్యేదాకా పోదు. అందుకని మాకు తెలిసేది గొంతు మాత్రమే.

ఆ గొంతుల్లో ఎక్కువగా ఉండేది చావే. బావిలోంచి తీసిన శవం, కాలిపోయిన పూరిల్లు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి. అవన్నీ విని, సాయంత్రం హెడ్‌ఫోన్ తీసి వంటింట్లోకి పోయి అన్నం వండుతాను.

మా వైపు చావింటికి పోయివచ్చినవాళ్ళు గడప దాటకముందే కాళ్ళు కడుక్కోవాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ముందుగానే బకెట్‌తో నీళ్ళు, చెంబు బయట పెడతారు. నాకెవరు పెడతారు? నేను ఇల్లు కదలను కదా. ఒకసారి నవ్వుతూ ఆ మాటే అంటే మా అత్తగారు, "నువ్వు యాడికి పోయినావమ్మా కడుక్కునేదానికి? ఫ్యాను కింద కూర్చోనుండావు" అని తేల్చేశారు.

పోయిన ఎండాకాలంలో, చిన్నోడు అని పేరు పెట్టుకుని ఒకతను కాల్ చేయడం మొదలుపెట్టాడు. అంబులెన్సులో కట్లు కట్టే పని, హైవే మీద డ్యూటీ. గొంతు వింటే భారీ మనిషి అనిపించేవాడు. ఆ పేరుకూ ఆ గొంతుకూ పొంతన లేదు. దొరవారిసత్రం వైపు ఎక్కడో అద్దె గదిలో ఒంటరిగా ఉంటాడని, తల్లి పోయిందని, చిన్నోడా అని పిలిచేది ఆమేనని మాటల్లో తెలిసింది.

కొన్ని కాల్స్ అయ్యాక నీళ్ళ సంగతి చెప్పాడు. డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపు ముందు బకెట్ నిండుగా ఉంటుందట. తల్లి ఉన్నప్పుడు ఆమె పెట్టేదట. ఆమె పోయినా నీళ్ళు ఆగలేదట.

"ఎవురు పెడతన్నారో తెలీదు మేడం. ఓనరక్కను అడిగినా, నాకేం పని అనింది. అదీ బండిలో ఎవురన్నా పోయిన రోజే ఉంటాయి. మామూలు రోజుల్లో ఉండవు."

నేను వాదించలేదు. తనే నింపి మరిచిపోతున్నాడని అనుకున్నాను. దుఃఖంలో ఉన్న మనసు అంతకన్నా పెద్ద పనులే చేస్తుంది. ఆ నీళ్ళు అతన్ని నిలబెడుతున్నాయి, నిలబెట్టనీ అనుకున్నాను.

తర్వాత ఒకరోజు అసలు బాధ బయటపెట్టాడు. లారీ గుద్దిన స్కూటర్ మీదున్న చిన్న పిల్ల. దారంతా అతని చెయ్యి పట్టుకుని "నా చెప్పు ఏదంకుల్" అని అడుగుతూనే ఉందట. నొప్పి అని ఒక్క మాట అనలేదట. చూస్తానమ్మా అన్నాడే గానీ చూడలేకపోయాడు, చేతుల నిండా పని. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ప్రాణం పోయింది. మర్నాడు బండి కడుగుతుంటే స్ట్రెచర్ కింద ఇరుక్కుని చెప్పు కనిపించింది. "ఆడనే ఉండింది మేడం, ఆడనే ఉండింది" అని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. మైక్ ఆపుకుని ఏడవడం మా పనిలో అందరికీ అలవాటే.

ఆ తర్వాతి కాల్ మధ్యాహ్నం పూట వచ్చింది. ఈసారి గొంతులో ఏడుపు లేదు. అది నాకు నచ్చలేదు.

"బకెట్ ఎండిపోయుండాది మేడం. ఈ పొద్దు ఇద్దరు పోయినారు. అయినా నీళ్ళు లేవు. అమ్మ గూడా ఇసిగిపోయినట్టుండాది."

మెట్టు మీదే కూర్చున్నానని, ఇక లోపలికి పోయేది లేదని అన్నాడు. వెనకాల రైలు కూత వినిపించింది. రైలు కట్ట మీదికి పోతానన్నాడు. చచ్చిపోవాలనుకుంటున్నారా అని సూటిగా అడిగాను. "అవును మేడం" అన్నాడు.

విజయగారికి మెసేజ్ పెట్టాను. ప్రాణం మీదికి వస్తే నంబరు బయటికి తీయించి పోలీసులను పంపే ఏర్పాటు ఉంది గానీ, అది అప్పటికప్పుడు జరిగేది కాదు. "మాట్లాడిస్తూ ఉండండి, కాల్ వదలొద్దు" అని జవాబు వచ్చింది.

నీళ్ళు మీరే పట్టుకోండి అన్నాను. "నేను పట్టుకుంటే ఉత్త నీళ్ళే గదా మేడం" అన్నాడు. తల్లి గురించి అడిగాను. చిన్నప్పటి సంగతులు అడిగాను. నాకు తెలిసిన మాటలన్నీ అయిపోతున్నాయి, పైగా గొంతు తెగి తెగి వినపడుతోంది. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వీధి వాకిట్లోకి వచ్చాను.

గడప ముందు మా నీలం బకెట్. అంచుల దాకా నీళ్ళు. పక్కన చెంబు.

ఆ బకెట్ పెరట్లో ఉంటుంది. అత్తగారు పొద్దున్నే కోవూరులో కూతురింటికి పోయారు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర ఉన్నారు. గేటుకు గడియ వేసింది నేనే, వేసింది వేసినట్టే ఉంది. ఎర్రటి ఎండ. గచ్చు మీద ఒక్క చుక్క తడి లేదు.

ఆ తర్వాత నేను చేసింది మా పనిలో చేయకూడనిది. భ్రమలో ఉన్న మనిషికి ఆ భ్రమే నిజమని చెప్పకూడదు. చెప్పేశాను.

"నీళ్ళు ఈడుండాయి. మా గడప ముందర."

కాల్ పోయిందేమో, మనిషే పోయాడేమో అని ఫోన్ వంక చూశాను. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"ఉప్పగా ఉండాయా మేడం?"

ఉప్పు సంగతి అతనెప్పుడూ చెప్పలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే. మా బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి. వీధిలో సగం మంది తాగడానికి మా ఇంటికే బిందెలు తెస్తారు.

"ఉప్పే" అన్నాను.

"మా బోరు నీళ్ళంతే. అయితే అమ్మ మీ కాడికొచ్చింది. నా మాటలన్నీ ఇని ఇని మీకు గూడా మైల అంటుకోనుంటాది. కడుక్కోండి మేడం. నేను ఇంటుంటా."

ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో చెంబు ముంచి కాళ్ళ మీద పోసుకున్నాను. ఆ నీళ్ళ చప్పుడు అతను విన్నాడు. రెండో చెంబు పోసుకుంటుంటే, అవతల తలుపు తెరుచుకున్న చప్పుడు నేను విన్నాను. తర్వాత మంచం కిర్రుమంది. పోలీసులు వెళ్ళేసరికి లోపల పడుకుని నిద్రపోతున్నాడని విజయగారు చెప్పారు. ఆ మాట విన్నాక అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చాను. ఈసారి మైక్ ఆపాల్సిన పని లేదు.

ఆ బకెట్ ఎవరు పెట్టారని అందరినీ అడిగాను. అత్తగారు కాదు, మా ఆయన కాదు, పక్కింటివాళ్ళు కాదు. ఉప్పు నీళ్ళు రొయ్యల గుంటల్లో కావలసినన్ని ఉంటాయి, నిజమే. ఎవరో గేటు దూకి తెచ్చి పెట్టారనే అనుకుందాం. ఉప్పగా ఉన్నాయా అని అతనెందుకు అడిగాడు? నేనుండే ఊరు కూడా అతనికి తెలియదు. విజయగారు అంతా విని, నమ్మానని అనలేదు, నమ్మలేదనీ అనలేదు. కొన్నాళ్ళు సెలవు ఇచ్చి, రోజూ వినేవాళ్ళకు ఇలాంటివి జరుగుతుంటాయి అన్నారు. నా కింద పనిచేసే అమ్మాయి ఎవరైనా వచ్చి చెబితే నేనూ అదే అందును.

చిన్నోడు ఇప్పుడు బండి దిగి ఆసుపత్రి స్టోర్ డ్యూటీకి మారాడు. అప్పుడప్పుడు కాల్ చేస్తాడు. ఈమధ్య అన్నం బాగా తింటున్నానని చెప్పాడు, ఎంత సంతోషమేసిందో. తన గడప ముందు మళ్ళీ నీళ్ళు కనపడలేదట.

నాకు కనపడుతున్నాయి. రోజూ కాదు, చావు విన్న రోజున. అలాంటప్పుడు హెడ్‌ఫోన్ తీసి, పెరటి తలుపులోంచి బయటికి పోయి, ఇల్లు చుట్టి వీధి గడప దగ్గరికి వస్తాను. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాను. అత్తగారు చూస్తూ ఉంటారు. ఆ బకెట్‌ను మాత్రం ముట్టుకోరు.

నమ్మకం కుదిరిందా అంటే లేదు. పెడుతున్నదెవరో చెప్పమంటే చెప్పలేను. నాకున్న భయం నీళ్ళు కనపడతాయని కాదు. అతనికి ఆగిపోయినట్టే ఒకరోజు నాకూ ఆగిపోతే, ఎండిపోయిన ఆ బకెట్ పక్కన మెట్టు మీద కూర్చుని, నేను ఎవరికి కాల్ చేయాలి?