మూత మీద చందనం

గుడియాత్తం దాటి కొండవైపు పోయే మట్టిదారిలో పాత జీపు తోలే ఆడమనిషి ఎవరని అడిగితే, ఆ చుట్టుపక్కల ఎవరైనా మా ఇంద్రాణి చిన్నమ్మ ఇల్లే చూపిస్తారు. మా అమ్మకు చెల్లెలు. యాభై దాటింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం రాదు. కాబట్టి ఇది నేనే ఆమెకు చదివి వినిపించాలి, తిట్లు తినాలి. తింటాను. ఆ జీపు గురించి వీధిలో వాళ్లు చెప్పుకునే కథ వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే రాస్తున్నాను.

జీపు ఆమెది. మామిడి విరగకాసిన ఒక ఏడాది తానే వెళ్లి కొనుక్కొచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. వాన పడితే కొండ కింది తోటకు పోయే దారిలో ట్రాక్టర్లు కూడా జారతాయి, ఇది మాత్రం మూలుగుతూ ఎక్కేస్తుంది. జీపు ఉన్నంతవరకు తోట చిన్నమ్మ చేతిలో ఉంటుంది. జీపు పోయిన మరుసటి రోజే అది ఆమె బావగారు భూపతి పెదనాయన చేతికి పోతుంది. ఆయనకు బజారులో ఇనుప సామాన్ల అంగడి. తమ్ముడి తోట తానే చూసుకుంటానని ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు. ఆ తమ్ముడు, అంటే మా తిరువేంగడం చిన్నాయన, మోకాళ్లు అరిగిపోయిన మెత్తటి మనిషి. అన్న ఎదుట నోరెత్తి ఎరగడు. ఇక అడ్డం ఉన్నదల్లా చిన్నమ్మ, ఆమె జీపు.

పోయిన వానాకాలంలో జీపు బ్రేకు మెత్తబడింది. తొక్కితే పెడల్ దూదిలోకి దిగినట్టు లోపలికి పోయేది. గొట్టాల్లో ఆయిలే ఉంటే తొక్కిన బలమంతా చక్రానికి అందుతుంది. మధ్యలో గాలి చేరితే ఆ గాలి నలుగుతుందే తప్ప బండి ఆగదు. తొరపాడి మెకానిక్ విఘ్నేష్ ఆ గాలి తీసి, బాగు చేసి పంపాడు. శుక్రవారం దాటేసరికి మళ్లీ మెత్తబడింది. మళ్లీ తీశాడు. మళ్లీ శుక్రవారం వచ్చింది, మళ్లీ అదే గోల. ఆ సాయంత్రం తోట నుంచి వాలు దిగుతూ చిన్నమ్మ పోయిపోయి పెదనాయన కొత్త గేటు స్తంభాన్నే గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్తంభం మీది సిమెంటు సింహానికి మాత్రం మూతి ఎగిరిపోయింది.

ఆయనకు ఇంకేం కావాలి! వీధి మధ్యలో నిలబడి అందరూ వినేటట్టు తీర్పు చెప్పేశాడు.

"శుక్రవారం పూట ఆడది బండి తీస్తే ఇట్లే అయితాది. మనది మర్యాదగల ఇల్లు. ఇంటి కోడలు స్టీరింగు పట్టుకోని కొండెక్కాల్సిన ఖర్మ ఏముండాది? ఆదివారం నాట్రంపల్లి నించి ఒకాయన కొనేదానికి వస్తాడు, బండి తోలుకోని పోతాడు. చాలింక ఈ ఆట!"

చిన్నాయన తలవంచుకుని, "అన్న చెప్పినాడు కదా" అన్నాడు. చిన్నమ్మ లోపలికి వెళ్లి నాకు ఫోన్ చేసింది. నేను వేలూరులో ఉద్యోగం చేస్తాను.

"నందితా, నీ కాళ్లు గట్టిగా ఉండాయా?"

"ఉండాయి చిన్నమ్మా. ఎందుకు?"

"బ్రేకు తొక్కేదానికి ఒక మనిషి కావల్ల. మీ చిన్నాయన మోకాళ్లు పనికి రావు. శనివారం పొద్దున్నే వచ్చేయ్."

నేను వెళ్లేసరికి చీర మీద చిన్నాయన పాత చొక్కా తొడుక్కుని, జీపు కింద పడుకుని ఉంది. చేతిలో స్పానర్, పక్కన గాజు సీసా, సన్నటి గొట్టం. విఘ్నేష్ చేస్తుంటే ప్రతిసారీ పక్కనే కూర్చుని చూసిందట. అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం.

"తొక్కు. ఇంకోసారి తొక్కు. ఇంక కాలు తీయకుండా అట్లే పట్టుకో!"

నేను బిగబట్టి పట్టుకుంటే ఆమె చక్రం దగ్గర గొట్టం తగిలించిన చిన్న నిపిల్ మర వదులు చేసేది. నా కాలి కింద పెడల్ దిగిపోయేది. సీసాలో ఆయిల్‌తో పాటు బుడగలు బుడబుడా పైకి తేలేవి. ఆమె నిపిల్ బిగించి "ఇడువు" అన్నాకే కాలు తీయాలి. ఒకసారి తొందరపడి ముందే తీశాను. బయటి గాలి మళ్లీ లోపలికి పోయింది. బండి కింద నుంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను. చిన్నాయన బానెట్ దగ్గర నిలబడి బ్రేకు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ, మధ్యమధ్య వీధివైపు చూస్తూ ఉన్నాడు.

"అన్నకు తెలిస్తే..."

"తెలియనీ. నా బండి కింద నేను పడుకోనుండాను, ఆయన అంగట్లో కాదే!"

నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడల్ రాయిలాగా నిలబడింది. చిన్నమ్మ చేతులు కడుక్కుని పూజ పళ్లెం తెచ్చింది. ఆ ఇంట్లో పనిచేసే వస్తువు ఏదైనా సరే చందనం, కుంకుమ పడాల్సిందే. రుబ్బురోలు, కత్తెర, మోటారు దేన్నీ వదలరు. ప్రతి శుక్రవారం జీపుకీ అదే మర్యాద. ఈసారి బండి బాగైందని శనివారమే మొదలుపెట్టింది. స్టీరింగుకు, చక్రాలకు, చివరికి బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూతకు కూడా వేలితో ఒత్తి మరీ పెట్టింది. తరవాత ఇద్దరం తోటదాకా వెళ్లాం. తిరిగి వచ్చేటప్పటికి పెడల్ మళ్లీ మెత్తన.

నాకు ఏడుపొచ్చింది. ఆయిల్ తగ్గిందేమోనని మూత తిప్పాను. సోడా కొట్టినట్టు 'స్స్' అని లోపలికి గాలి పీల్చుకుంది.

చిన్నమ్మ నా చేతిలోంచి మూత లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. నడిమధ్య సూది మొనంత బొక్క ఉంది. ఆయిల్ కిందికి దిగినప్పుడు ఆ ఖాళీలోకి గాలి రావాల్సిన దారి అదే. దాని మీద చందనం గట్టిగా అతుక్కుని ఉంది. పైన దారి లేక, కింద అరిగిన రబ్బర్ల సందుల్లోంచి గాలి గొట్టాల్లోకి దూరుతోంది.

"ఆ మెకానిక్ అబ్బాయి ప్రతిసారీ తుడిచి పెట్టినాడు పాపా. ప్రతి శుక్రవారం నేనే మూసినాను!"

నేలమీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ముఖం మారిపోయింది.

"నాకూ ఇదే కదా చేస్తా ఉండేది మీ పెదనాయన. మర్యాద, మర్యాద అని చందనం పూసేది. ఊపిరి ఆడే బొక్క మూసేది."

చిన్నాయన విన్నాడు. మొలతాడుకున్న పిన్నీసు తీసి, మూత తీసుకుని, ఆ బొక్కలో చందనమంతా ఓపిగ్గా గీకి శుభ్రం చేశాడు. మేము నాలుగు చక్రాలకూ మళ్లీ మొదటినుంచి గాలి తీశాం.

ఆదివారం నాట్రంపల్లి మనిషి వచ్చాడు. పెదనాయన అతన్ని వెంటబెట్టుకుని గేటు ముందు, మూతి లేని సింహం కింద, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేము తోట వైపు నుంచి దిగుతున్నాం. పొద్దున్నుంచి వాలులో ఎన్నిసార్లు ఆపి చూశామో లెక్క లేదు. ఆగుతుందని నాకు తెలుసు. అయినా సీటు గట్టిగా పట్టుకున్నాను, ఎందుకంటే చిన్నమ్మ తిన్నగా ఆ స్తంభం మీదికే పోనిచ్చింది.

నాట్రంపల్లి మనిషి ముందే తప్పుకున్నాడు. పెదనాయన కాసేపు బింకంగా నిలబడి, ఆఖరికి ఒక చెప్పు వదిలేసి పక్కకు దూకాడు. చిన్నమ్మ అప్పుడు తొక్కింది. జీపు స్తంభానికి జానెడు దూరంలో కట్టేసినట్టు ఆగింది.

"మీరు తప్పుకున్నారు బావా," అంది ఇంజను ఆపకుండానే. "మీ స్తంభం తప్పుకోలేదు, చూడండి. దానికి నా మీద నమ్మకం ఉండాది."

నాట్రంపల్లి మనిషి పకపకా నవ్వి, "ఇది అమ్మే బండి కాదప్పా" అని వచ్చిన దారి పట్టాడు. పెదనాయన ఇంకా చెప్పు వెతుక్కుంటూనే ఉన్నాడు. ఇంతలో చిన్నాయన ఇంట్లోంచి కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. నన్ను వెనక్కి పొమ్మని సైగ చేసి, పంటి బిగువున మోకాలు మడిచి, చిన్నమ్మ పక్క సీటులోకి ఎక్కి కూర్చున్నాడు.

"అన్నా, తోటలో పని ఉండాది. మేము పోతాము."

అన్న కళ్లలోకి చూస్తూనే అన్నాడు.

ఆ తరవాతి శుక్రవారం చిన్నమ్మ ఎప్పటిలాగే పళ్లెం తెచ్చి జీపంతా బొట్లు పెట్టింది, మూత ఒక్కటి వదిలేసి. మిగిలిన చందనం తీసుకుని నేరుగా గేటు దగ్గరికి వెళ్లి, సింహం విరిగిన మూతి మీద దట్టంగా పూసి పైన కుంకుమ పెట్టింది. పెదనాయన అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. మర్యాదగల ఇంటివాడు, చందనం తుడవలేడు కదా. అది ఇప్పటికీ అలాగే ఉంది.