గొంగడి గంజితో తెల్లగుడ్డ

దుబాయి నుంచి తిరిగొచ్చాక మా ఆయన సిరిసిల్లలో చిన్న సైజింగ్ షెడ్డు పెట్టాడు. లంగాల గుడ్డ నేసే పత్తి నూలుకు గంజి పట్టించి, ఆరబెట్టి, బీములనే పెద్ద రోలర్లకు చుట్టి మరమగ్గాల వాళ్లకు ఇవ్వడం మా పని. గంజి సరిగా పట్టకపోతే మగ్గం దెబ్బకు పోగులు పుటుక్కున తెగుతాయి.

ఆ గంజిలో కలిపే తెల్ల పొడి బొంబాయి నుంచి వచ్చేది. పెట్రోలు నుంచి తీస్తారట. పోగును గట్టిగానే పట్టుకునేది, కాదనను. కానీ గంగాళం కడిగిన నీళ్లు ఎక్కడ పోసినా నేల మీద ప్లాస్టిక్ పొర కట్టేది. పక్కింటి బర్రె కూడా అటు మూతి పెట్టేది కాదు. ఆ ఏడు ఆ పొడి రావడమే ఆగిపోయింది. ఓడలు రావడం లేదన్నారు, ఫ్యాక్టరీ మూసేశారన్నారు. ఎవరి నోటికి వచ్చింది వాళ్లు చెప్పారు. మా షెడ్డు మాత్రం మూగబోయింది.

జగిత్యాల నుంచి గల్ఫ్ ఏజెంటు ఫోన్లు మొదలయ్యాయి. షెడ్డు మూతపడితే ఆయన మళ్లీ వెళ్లిపోతాడు. నా భయమంతా అదే. పెళ్లయ్యాక మేం కలిసి బతికిన దానికన్నా ఫోన్లో చూసుకున్నదే ఎక్కువ.

మా అమ్మగారిది కొడిమ్యాల దగ్గర పల్లె. అక్కడ ఎండాకాలం చింతపండు కొడితే పండు చెట్టుగలవాళ్లది, గింజలేమో కొట్టే ఆడవాళ్లవి. గొంగళ్లు నేసేవాళ్లు ఆ గింజల పిండితోనే గంజి కాచి ఉన్నికి పట్టిస్తారు. ఉన్నికి పట్టేది పత్తికి పట్టదా అని నా గోల.

"పిచ్చిగిట్ల లేసిందా? గొంగడి నల్లగుంటది. మనది తెల్ల గుడ్డ" అన్నాడాయన.

"పొట్టు తీస్తె లోపల తెల్లగనే ఉంటది గద! తీసి సూడు జర."

అమ్మ దగ్గర నుంచి గింజల బస్తాలు తెచ్చాం. వేయించి, దంచి, పొట్టు చెరిగి, కోరుట్లలో పిండి పట్టించాం. పిండి పచ్చబడుతుందని పసుపు పట్టే గిర్నీ జోలికి పోలేదు, ఆమాత్రం తెలివి ఉంది మాకు! గంజి కాచే పని మా అత్త తీసుకుంది. మొదటి బీము మా వాడకట్టులో మగ్గాలు నడిపే పెద్దాయనకు ఇచ్చాం. పోగులు తెగలేదు. నేను నేల మీద నడవలేదనుకోండి.

కొద్దిరోజులకే ఆ పెద్దాయన గుడ్డ పట్టుకుని వచ్చాడు. తెల్ల గుడ్డ మీద ఎర్రని గీతలు. పోగులను విడదీసి పట్టుకునే పన్నె, అదే ఉక్కు దువ్వెన, తుప్పు పట్టిందట.

"ఏం గంజి పోసిండ్రు బిడ్డా? నా పన్నె ఖరాబైంది" అన్నాడు.

మా ఆయన ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. సాయంత్రం ఏజెంటుకు ఫోన్ చేసి, వీసా కాగితాలు చూడమన్నాడు. నాకు మండిపోయింది. "ఒక్క బీముకే చేతులెత్తేస్తవా?" అని అరిచాను.

అత్త పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు. "ఉప్పు నేనే ఏసిన కొడుకా" అంది మెల్లగా.

"ఉప్పా?"

"గంత గంగాళంల గంజి కాగుతుంటె సప్పగ ఎట్లిడుస్త? దోసెడేసిన. నీ పని మంచిగ సాగాలె అనుకుంటనే ఏసిన."

ఆ గొంతు విని నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. "తాగేది నూలే అమ్మా, మనం గాదు" అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురం నవ్వాం. అత్త నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పెద్దాయనకు కొత్త పన్నె కొనిచ్చి, ఉప్పు లేని గంజితో ఇంకో బీము తయారుచేశాం. చివరి పోగు దాకా గుడ్డ మల్లెపువ్వులా వచ్చింది. "మల్ల బీము ఎప్పుడిస్తరు?" అని పెద్దాయనే అడిగాడు.

మర్నాడు మేం నూలు ఆరబెడుతుంటే ఏజెంటు ఫోన్ వచ్చింది. కాగితాలు తయారయ్యాయట.

"నేను రాను అన్నా. ఇంకొకల్ను సూసుకో. నాకు ఈడనే పనున్నది" అన్నాడు మా ఆయన.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

"పోతలేను గద, గిప్పుడెందుకు ఏడుస్తున్నవే?" అని కంగారు పడ్డాడు.

ఆయన దుబాయి వెళ్లిన ప్రతిసారీ బస్టాండులో నవ్వుతూనే నిలబడ్డాను. ఆ ఏడుపంతా ఇప్పుడొచ్చిందని ఆయనకు ఎట్లా చెప్పను?