భాగ్యమ్మ ఆరు బ్లేడ్ల చాకు

యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో భాగ్య ముప్పై ఏళ్లుగా అటెండరు. ఎండు మొక్కల షీట్లకు పురుగు పట్టకుండా చూసుకోవడం, ప్రాక్టికల్స్ రోజున పిల్లలకు కాడలూ వేళ్లూ కోసి ఇవ్వడం ఆమె పని. ఆమె కోస్తే కాడ ముక్క ఉల్లిపొర కన్నా పలచగా వస్తుందని ప్రొఫెసర్లే ఒప్పుకుంటారు. ఒప్పుకుని, ఆ ముక్కలతో వాళ్లు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. భాగ్య అటెండరుగానే ఉండిపోయింది. దానికి ఆమెకు పెద్దగా బాధ లేదు కానీ, లేదని చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెంచుతుంది.

చాకుల పిచ్చి పన్నెండేళ్ల కిందట మొదలైంది. సోమయాజులు సారు రిటైరవుతూ సొరుగు ఖాళీ చేసి, తుప్పు పట్టిన ఒక మడత చాకును చెత్తబుట్టలో పడేశారు. నాలుగు బ్లేడ్లు ఒకే పిడిలో బిగుసుకుపోయి ఉన్నాయి. తీసుకోవచ్చా అని అడిగి ఇంటికి తెచ్చుకుంది. రోజూ కిరోసిన్ చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి, ఐదో రోజు సాయంత్రం నాలుగో బ్లేడు కూడా తెరిచింది. అది టక్కుమని నిలబడిన చప్పుడుకు, పదో తరగతి తప్పిన ఆ మనిషికి పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది.

ఇక ఆగలేదు. సెలవు దొరికిన గురువారమల్లా జుమ్మేరాత్ బజారు పాత సామాన్ల సంతకు వెళ్లి, పాత తాళాల కుప్పల్లో చేయి పెట్టి వెతికేది. పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా మూత కోసేది, తోలుకు తూటు పొడిచే దబ్బనం, గుర్రం డెక్కలో ఇరుక్కున్న రాయి తీసే కొక్కెం, ఇలా రకరకాలవి ఒకే పిడిలో ఒదిగి ఉండటం ఆమెకు ఎంత చూసినా తనివి తీరదు. ఒకసారి మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ వాళ్లు సంచిలో చాకు పట్టుకుని అరగంట నిలబెట్టారు. అప్పటి నుంచి బజారుకు భర్త సమ్మయ్య ఆటోలోనే ప్రయాణం. మన బండికి డెక్కలు లేకపాయె, ఆ కొక్కెం దండగ అని అతను తార్నాక చౌరస్తా వచ్చేదాకా ఆటపట్టిస్తాడు. అలా పదకొండు చాకులు పోగయ్యాయి. అన్నిట్లోకీ ఆమె ప్రాణం బర్రెకొమ్ము పిడి ఉన్న ఆరు బ్లేడ్ల చాకు.

ఈ ఏడు దసరా సెలవుల తర్వాత విభాగం హాల్లో పాత వస్తువుల ప్రదర్శన పెట్టాలనుకున్నారు. దాన్ని నడిపే శశిభూషణ్ గారు తార్నాకలోనే ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర విదేశీ చాకులు నూటికి పైగా ఉన్నాయి. సెలవులకు ముందే భాగ్య తన చాకుల డబ్బా తీసుకెళ్లి చూపించింది. ఆయన మర్యాదస్థుడు, పదింటిని శ్రద్ధగా చూసి మూల బల్ల మీద చోటిస్తానన్నాడు. ఆరు బ్లేడ్లదాన్ని మాత్రం పక్కకు జరిపాడు. మంచి చాకుకు బ్లేడు మొదట్లో చేసినవాళ్ల ముద్ర ఉంటుందట. దీనికి ఆరింట్లో ఒక్కదానికీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో అచ్చు పోసి వదిలిన నకిలీ సరుకని తేల్చేశాడు.

"ఏమీ అనుకోకండి భాగ్యమ్మా. దీన్ని బల్ల మీద పెడితే మిగతా పదింటి పరువు పోతుంది" అన్నాడు. మిగిలినవాటి పాత రంగు మాత్రం చెడగొట్టవద్దని, ఆ నల్లదనమే వాటి వయసని పదేపదే చెప్పి పంపాడు.

పదింటికి చోటు దొరికిందన్న సంతోషం ఆమెకు మెట్లు దిగేలోపే ఆవిరైపోయింది. ముప్పై ఏళ్లుగా ఆ హాల్లో ఆమె సర్దని బల్ల లేదు. ఆ బల్లల మీద తనకు నచ్చిన ఒక్క వస్తువు పెట్టుకునే యోగ్యత లేదా అనిపించింది. ఆ చాకు నకిలీది కాదని ఆమె చేతికి తెలుసు. నోటితో రుజువు చేయడమే తెలియలేదు.

సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి వెళ్లి, దసరా పొద్దున తిరిగొచ్చింది. వాకిట్లో ఆటో తళతళలాడుతోంది. ముందు పళ్లెంలో పదకొండు చాకులూ ఒళ్లు విప్పుకుని, పసుపు కుంకుమ బొట్లతో వరసగా ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు ఆటోతో పాటు వాటికీ బొట్టు పెట్టడం ఆ ఇంటి అలవాటే. ఈసారి సమ్మయ్య ఇంకో అడుగు ముందుకేశాడు. ముందు రోజంతా వాటిని చింతపండు పులుసులో నానబెట్టి, పీచుతో తోమాడు.

"ఇత్తడి చెంబులు గిట్లనే గదా మెరుస్తయి. పెద్దసారు ముందర నీ సామాను మురికిగ ఉండొద్దని చేసిన" అన్నాడు, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

మెరుపు ఎక్కడిది? పులుపు ఉక్కును తినేసింది. బ్లేడ్లన్నీ మచ్చలు మచ్చలుగా బూడిద రంగుకు తిరిగాయి. "పన్నెండేండ్ల నా పానం కడిగి పారబోసినవ్" అని భాగ్య గడప మీద కూలబడింది. పండుగ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. సమ్మయ్య జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టినా ఆమె తల ఎత్తలేదు.

మర్నాటి మధ్యాహ్నానికీ కోపం చల్లారక, ఊరికే కూర్చోనూలేక, ఒక్కొక్క చాకూ కడిగి ఆరబెట్టి నూనె రాయడానికి కిటికీ దగ్గర కూర్చుంది. ఆరు బ్లేడ్లదాని పెద్ద బ్లేడును వెలుతురుకు తిప్పినప్పుడు ఆమె చేయి ఆగిపోయింది. అంచు పొడవునా, పులుపు తిన్నాక బయటపడ్డ వెంట్రుకంత సన్నని గీత. గీతకు పైన లేత బూడిద రంగు, కింద చిక్కటి నలుపు. భూతద్దం తెచ్చుకుని చూసింది. మిగతా ఐదూ చూసింది. అన్నిట్లో అదే గీత.

ఆ గీత ఆమెకు కొత్త కాదు. జనగామ దగ్గరి వాళ్ల ఊళ్లో, వానలకు ముందు తాత గొడ్డళ్లూ కొడవళ్లూ ఉక్కు వేయించడానికి కమ్మరి కొలిమికి తీసుకెళ్లేవాడు. కమ్మరి ఇనుము అంచును చీల్చి, మధ్యలో ఉక్కు పట్టీ పెట్టి, రెండూ తెల్లగా కాలాక ఒక్కటయ్యేదాకా కొట్టేవాడు. ఇనుము విరగదు, ఉక్కు మొద్దుబారదు. రెండూ కలిసినచోట ఇలాంటి గీతే పడేది. తిత్తి ఊదుతూ ఆమె ఎన్నోసార్లు చూసింది. అచ్చు పోసిన ఫ్యాక్టరీ సరుకుకు ఈ గీత ఎక్కడిది? ఎవరో మన కమ్మరి, తెల్లదొర దగ్గర చాకు చూసి, అంతకంటే కష్టపడి ఆరు బ్లేడ్లకు ఆరుసార్లు ఉక్కు వేశాడు. భాగ్య పడీపడీ నవ్వింది. వంటింట్లో నక్కి ఉన్న సమ్మయ్య భయంభయంగా తొంగిచూశాడు.

ప్రదర్శన రోజున శశిభూషణ్ గారు ఆమె డబ్బా తెరిచి తల పట్టుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు వింటే ఈ పని జరిగేది కాదు కదా అని నిజంగానే బాధపడ్డాడు. ఆయన మాట పూర్తయ్యేదాకా భాగ్య ఆగింది. తర్వాత ఆకుల ఈనెలు చూసే భూతద్దం ఆయన ముందు పెట్టి, ఆరు బ్లేడ్లదాన్ని పూర్తిగా విప్పి మూల బల్ల మీద ఉంచింది.

"అంచు ఎంబడి చూడుండ్రి సార్. ఒక్కటే గాదు, ఆరింటికీ చూడుండ్రి."

ఆయన చూశాడు. కుర్చీ లాక్కుని మళ్లీ చూశాడు. కొలిమి సంగతి ఆమె చెబుతుంటే పిల్లలు చుట్టూ చేరారు. చిటికెన వేలంత లేని దబ్బనానికి కూడా ఉక్కు వేసి ఉండటం చూశాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన నూటికి పైగా చాకుల్లో ఇలా చేతితో ఉక్కు వేసినది ఒక్కటీ లేదన్నాడు.

"నేను పొరబడ్డాను భాగ్యమ్మా" అని అందరి ముందూ స్పష్టంగా అన్నాడు. తర్వాత, హాలు మధ్యలో ఉన్న తన పెద్ద బల్ల చూపిస్తూ, ఇది ఈ మూల ఉండకూడదని, అక్కడ తన చాకుల నడుమ పెట్టుకోనివ్వమని అడిగాడు.

భాగ్య ఆ పెద్ద బల్ల వైపు చూసింది. దాని మీది తెల్లగుడ్డ పొద్దున తనే పరిచింది. చాకును కొంచెం తన వైపుకు జరుపుకుంది.

"ఇది గీడనే ఉంటది సార్. మీవే ఇటు తెచ్చి పెట్టుండ్రి."

శశిభూషణ్ గారు ఒక్క క్షణం ఆలోచించి, తన బల్ల దగ్గరకు వెళ్లి, తన చాకుల ట్రేను రెండు చేతులా ఎత్తి మూల బల్లకు మోసుకొచ్చాడు. ఎక్కడ పెట్టమంటారని ఆమెను అడిగాడు.