నున్నటి బండ మీద సంతకం

కొత్తింట్లో తాండూరు బండలు పరుస్తుంటే, తడిసిన రాతిపొడి వాసనకు, బండల పాలిష్ మిషన్ల పక్కనే ఉండే మా ఊరి బడి గుర్తొచ్చింది.

ఐదో తరగతిలో ఉండగా, రిటైరైన వ్యోమగామి ఒకాయన మా బడికొచ్చారు. అంతరిక్షం చూసొచ్చిన మనిషి అడిగినవాళ్లందరికీ సంతకం పెట్టి తీరాలని నేను గట్టిగా నమ్మాను. బండల పాలిష్ పనిచేసే నాన్నతో మిషన్ మీద అద్దంలా నునుపు చేయించిన బండముక్క పట్టుకెళ్లాను. ఆయన రెండుసార్లు గీశారు. పెన్ను జారిపోయింది. "సారీ బేటా" అని వెనక్కిచ్చేశారు.

నా పక్కనే ఉన్న మా క్లాసు సబిత నోటుబుక్కులో మాత్రం దాని పేరు అడిగి, రాసి మరీ సంతకం చేశారు. నాకు ఒళ్లు మండింది. నెలరోజులు దాంతో మాట మానేశాను.

చివరికి ఉండబట్టలేక, "నీకే గంత మంచిగ ఎందుకు రాసిండే?" అన్నాను.

"ఏమో. అన్నం తిన్నరా సార్ అని అడిగిన, గంతే."

ఆ నోటుబుక్కు మీద కుళ్లు ఎప్పుడో పోయింది. ఆ మాట నాకు తోచలేదన్న కుళ్లు మాత్రం ఇంకా ఉంది.